పంపే సకినాలు, పొయ్యి కాడి సర్వపిండి

మా ఇంట్లో సంక్రాంతి పిండివంటల్లో మొదటి వాటా ఎప్పుడూ ఇంట్లో లేనివాళ్లదే. పెద్దత్తమ్మ ధర్మపురిలో, చిన్నత్తమ్మ కోరుట్లలో, మా బాపు కువైట్‌లో. సకినాలు కాల్చడం అయిపోయి, గంపల్లో చల్లారాక బాపమ్మ డబ్బాలన్నీ ముందు పెట్టుకుని కూర్చునేది. ముందు బిడ్డల డబ్బాలు నిండాలి, తర్వాత కొడుకు డబ్బా నిండాలి, ఆ తర్వాతే మా డబ్బా మూత తీసేది. మేం చుట్టూ చేరి చేతులు చాస్తే విరిగిన ముక్కలు పెట్టేది. నిండు సకినం మాత్రం ఆ మూడు డబ్బాలకూ మూతలు పడేదాకా ఎవరికీ దొరికేది కాదు.

మాది జగిత్యాల దగ్గర పల్లె. అప్పట్లో అదంతా కరీంనగర్ జిల్లా, జగిత్యాల జిల్లా అయింది 2016లో. గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు మా వైపు లేదు. మగవాళ్లు దుబాయ్, మస్కట్, కువైట్, సౌదీల్లో ఉంటే పండుగలు ఇక్కడ ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు కలిసి చేసుకునేవాళ్లు. అందుకే నాకు పండుగ అనగానే వంటతో పాటు ప్యాకింగ్ కూడా గుర్తొస్తుంది. నూనె వాసన, న్యూస్‌పేపరు వాసన కలిసే గుర్తొస్తాయి.

బాపమ్మకు బియ్యం అంటే చాలా గౌరవం. గింజ కిందపడితే కళ్లకద్దుకుని తీసేది. ఆమె చిన్నప్పుడు చెరువు కింద పొలం ఉన్న ఇళ్లలో తప్ప రోజూ వరి అన్నం వండేవాళ్లు కాదట. జొన్న గట్క, మక్క గట్క, అంబలి, ఇవే రోజువారీ తిండి. బియ్యం పండుగకో, చుట్టం వస్తేనో బయటికి వచ్చేవి. 1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసిన సంగతి, ఆ తర్వాత కాకతీయ కాలువలో నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన సంగతి మా తాత కథలుగా చెప్పేవాడు. నీళ్లు వచ్చాకే మా ఇంట్లో సకినాల బట్ట పెద్దదైందని బాపమ్మ అనేది. "మా అమ్మ ఒక్క తువ్వాల పరిచి చుట్టేది బిడ్డా. ఇప్పుడు రెండు దోతులు పరిచినా చాలుతలేదు."

పని బియ్యం నానబోయడంతో మొదలయ్యేది. కొత్త బియ్యాన్ని కడిగి రాత్రంతా నాననిచ్చి, తెల్లవారాక నీళ్లు వంపేసి గంపలో పోసేవాళ్లు. చేయి పెడితే తడి తగలాలి, పిడికిలి బిగిస్తే నీరు కారకూడదు. అంతవరకు ఆరనిచ్చి గిర్నీకి తీసుకెళ్లేవాళ్లం. పండుగ ముందు గిర్నీ దగ్గర మనుషుల బదులు గంపలు, గిన్నెలు లైన్లో ఉండేవి, మనుషులు వేపచెట్టు నీడలో ఉండేవాళ్లు. పిండి వేడివేడిగా గిన్నెలో పడగానే అమ్మ తడిబట్ట కప్పేది. పిండి ఆరిపోతే చుట్టేటప్పుడు తెగుతుంది.

ఆ పిండిలో పడేవి నువ్వులు, ఓమ, ఉప్పు. అంతే. కారం పడదు, మసాలా పడదు. నువ్వుల దగ్గర మాత్రం మా బాపమ్మ చేయి ఆగేది కాదు. ఓమను అరచేతుల మధ్య నలిపి వేస్తే ఆ ఘాటుకు వాకిట్లో ఉన్నవాళ్లకు కూడా పని మొదలైందని తెలిసిపోయేది.

మధ్యాహ్నం బువ్వలు తిన్నాక వాడకట్టు ఆడవాళ్లు వచ్చేవాళ్లు. ఇయ్యాల మా ఇల్లు, రేపు ఎదురింటి వదినెది, ఎల్లుండి మూలమీది పెద్దమ్మది. పనికి పనే బదులు. చాపల మీద ఉతికిన దోతులు పరిచి, మధ్యలో పిండితో చిన్న గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టేవాళ్లు. మొదటి సకినం బాపమ్మే చుట్టాలి. ఆ తర్వాత అందరూ దోతి చుట్టూ కూర్చుని వంగేవాళ్లు. మాటలు ఒకపక్క, చేతులు ఒకపక్క. ఎవరి మొగుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, ఎవరికి రాలేదు, ఎవరి వీసా అయిపోతోంది, అన్నీ అక్కడే తెలిసేవి. ఉత్తరం రాని ఇల్లాలి ముందు ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఆమె పక్కన కూర్చున్నావిడ తన పిండిలోంచి ముద్ద తీసి ఆమె గిన్నెలో వేసి "నువ్వు సన్నగ చుడతవ్, ఇది సుత నువ్వే చుట్టు" అనేది.

సకినం చుట్టడం చూడటానికి తేలిక. నిమ్మకాయంత పిండి చేతిలోకి తీసుకుని, బొటనవేలికీ రెండు వేళ్లకూ మధ్య మెలిపెడుతూ సన్నగా బట్ట మీదికి వదలాలి. వేళ్లు మెలిపెడుతుంటే చేయి గుండ్రంగా తిరగాలి. రెండూ ఒకేసారి జరగాలి. వేళ్లు ఆగితే మెలిక విప్పుకుంటుంది, చేయి ఆగితే చుట్టు వంకరపోతుంది. మొదటి చుట్టు రూపాయి బిళ్లంత, దాని వెలుపల రెండోది, మూడోది, నాలుగోది తాకీ తాకకుండా రావాలి. కొసను లోపలి చుట్టుకు నొక్కి అతికిస్తే సకినం పూర్తయినట్టు. లావుగా చుట్టితే లోపల పిండి పచ్చిగా ఉండిపోతుంది, మరీ సన్నగా అయితే ఎత్తేటప్పుడే విరుగుతుంది.

మా బాపమ్మది ఎడమచేతి వాటం. బువ్వ పెట్టడం, బొట్టు పెట్టడం కుడిచేత్తోనే చేసేది, చిన్నప్పుడు అలా అలవాటు చేశారు. కొడవలి పట్టినా, సకినం చుట్టినా మాత్రం ఎడమచేయే. అందరి సకినాలూ ఒక దిక్కుకు తిరిగితే ఆమెవి ఎదురు దిక్కుకు తిరిగేవి. మెలిక కూడా ఎదురు మెలికే. దోతి నిండా వందల సకినాలు పరిచి ఉన్నా బాపమ్మవి ఏవో మేం వేలు పెట్టి చూపించేవాళ్లం.

బట్ట నీళ్లు పీల్చుకుని సకినం కొంచెం గట్టిపడ్డాక, పల్చటి పళ్లేన్ని అడుగున జరిపి ఎత్తి నూనెలోకి జారవిడిచేవాళ్లు. పొయ్యి దగ్గర అమ్మ కూర్చునేది. తడి ఆరకముందే వేస్తే నూనె చిందుతుందని పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. అమ్మ సకినాన్ని చూసేదానికంటే వినేదే ఎక్కువ. వేసినప్పుడు నూనె గోలగోలగా ఉంటుంది, కాలేకొద్దీ ఆ చప్పుడు సన్నబడుతుంది. చప్పుడు సన్నబడ్డాక తీయాలి, ఎర్రబడేదాకా ఆగకూడదు. సకినం తెల్లగానే ఉండాలి, అంచు మీద మాత్రం కాస్త బంగారు రంగు రావాలి. ఎర్రగా కాలిన సకినాన్ని నేనిప్పటికీ మెచ్చుకోలేను.

గరిజెలు, అరిసెలు కూడా చేసేవాళ్లు. గరిజెల్లోకి కుడుక తురుము, పుట్నాల పొడి, చక్కెర, ఇలాచి. అంచులు మడతలు మడతలుగా వేళ్లతో మూసేది మా చిన్నత్తమ్మ, పెళ్లికాక ముందు. అరిసెలు తాతకు ఇష్టం. నా ప్రాణం మాత్రం సకినాల మీదే. కాల్చిన రోజు కంటే తెల్లారి ఇంకా బాగుంటాయి. ఎల్లిపాయ కారం, రెండు చుక్కల పల్లినూనె పక్కన పెట్టుకుని కొరికితే, ఇక ఆ పూటకు బువ్వ అక్కర్లేదు.

కొత్తగా పెళ్లయిన బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు సారెలో సకినాలు పెట్టడం మా వైపు ఆనవాయితీ. అవి మామూలువాటికంటే పెద్దగా, ఎక్కువ చుట్లతో చుట్టేవాళ్లు. అటువైపు వాళ్లు వాటిని వాడకట్టంతా పంచుతారు కాబట్టి, పుట్టింటి ఆడవాళ్ల చేతిపని ఊరంతా చూస్తుందన్నమాట. చిన్నత్తమ్మ సారె సకినాలు చుట్టిన రోజు మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, అంత జాగ్రత్తగా చుట్టారు.

ఇక కువైట్ డబ్బా. ఊరి నుంచో, పక్క ఊరి నుంచో సెలవు మీద వచ్చి తిరిగిపోయేవాళ్లు ఎవరున్నారో ముందే కనుక్కోవాలి. వాళ్లు బస్సులో బొంబాయి పోయి అక్కడ విమానం ఎక్కేవాళ్లు. ప్రతి ఇంటివాళ్లూ ఏదో ఒకటి ఇస్తారు. మామిడికాయ తొక్కు, కారప్పొడి, మందులు, ఫొటోలు, మాటలు రికార్డు చేసిన క్యాసెట్. మోసేవాళ్లకు మోయగలిగినంతే కదా. అందుకని బాపమ్మ అందరికంటే ముందు వెళ్లి మాట తీసుకునేది. తగరపు డబ్బాలో న్యూస్‌పేపర్ పరిచి, సకినాలు పేర్చి, పైన గరిజెలు పెట్టి, మూతకు చుట్టూ బట్ట కుట్టేది. దాని మీద తాత బాపు పేరు, క్యాంపు అడ్రసు రాసేవాడు.

ఒక సంక్రాంతికి ముందు బాపమ్మ బావి గట్టు మీద జారిపడింది. ఎడమ మణికట్టుకు కట్టు కట్టారు. పరదేశంలో ఉన్న మనిషికి టెన్షన్ ఎందుకని ఆ సంగతి ఉత్తరంలో రాయొద్దని ఇంట్లో అందరూ అనుకున్నారు. క్యాసెట్‌లో కూడా బాపమ్మ ఎప్పట్లాగే "మంచిగున్నం కొడుకా, నువ్వు మంచిగుండు" అని చెప్పింది. ఆ ఏడు సకినాలన్నీ అమ్మ, ఎదురింటి వదినె, పెద్దమ్మ కలిసి చుట్టారు. డబ్బా వెళ్లింది. కొన్ని వారాలకు బాపు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తాత వాకిట్లో కూర్చుని పైకి చదివాడు. క్షేమసమాచారాలు ఏమీ లేవు, మొదటి వాక్యమే అది: "డబ్బా మొత్తం కింద పోసి చూసిన, అమ్మ చుట్టిన సకినం ఒక్కటి సుత కనవడలే. అమ్మకు ఏమైంది? దాయకుండ రాయుండ్రి."

బాపమ్మ ఆ ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుంది. ఆమెకు చదువు రాదు. ఆ అక్షరాల మీద వేలితో తడుముతూ చాలాసేపు కూర్చుంది. కట్టు విప్పిన వారానికే, పండుగ దాటిపోయి ఎండలు ముదురుతున్న రోజుల్లో, మానెడు బియ్యం నానబోసింది. మణికట్టు ఇంకా వాచే ఉంది. అమ్మ వద్దన్నా వినలేదు. చిన్నచిన్నవి, మూడేసి చుట్లతో చుట్టింది. అవన్నీ ఎదురు మెలికవే. అప్పుడు పోయే మనిషిని ఎలా బతిమాలిందో గానీ, ఆ చిన్న డబ్బా కువైట్ చేరింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మా ఇంట్లో ఆ మాట మొదట విన్నది రేడియోలో, తాత. తర్వాత వారాలు గడిచినా ఉత్తరాలు లేవు. పోస్టాయన సైకిల్ మా వాడకట్టులోకి తిరిగితే ఆడవాళ్లు గడపల్లోకి వచ్చి నిలబడేవాళ్లు, ఆయన తలూపి వెళ్లిపోయేవాడు. బాపమ్మ పగలంతా ఏదో ఒక పని చేస్తూనే ఉండేది. చాటలో బియ్యం చెరిగినవే మళ్లీ చెరిగేది.

అక్కడున్న మనవాళ్లు బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాల్లో బొంబాయికి వస్తున్నారని సెప్టెంబర్‌లో తెలిసింది. అలా లక్ష మందికి పైగా వచ్చారు. మా బాపు అటుకుల బతుకమ్మ నాడు పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. చేతిలో చిన్న సంచి, అంతే. సూట్‌కేసు లేదు, సామాను లేదు. మనిషి సగమయ్యాడు. మేం పిల్లలం దగ్గరికి పోవడానికి కూడా జంకాం. అమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. తాత పక్కన కూర్చున్నాడు. బాపమ్మ కొడుకు మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూసి, మారుమాట లేకుండా వంటింట్లోకి వెళ్లి సర్వ గిన్నె దించింది.

సర్వపిండి మా ఇంట్లో పండుగ వంట కాదు. వాన పడ్డప్పుడు, పొలం నుంచి ఆకలితో వచ్చినప్పుడు, కూరగాయలు లేనప్పుడు చేసుకునేది. వరంగల్ వైపు కూడా సర్వపిండే అంటారు, నల్లగొండ వైపు తపాల చెక్క, కొన్నిచోట్ల గిన్నెప్ప. పొడి బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఎల్లిపాయ, కారం, కల్యామాకు, ఉల్లాకు ఉంటే ఉల్లాకు వేసి గోరువెచ్చటి నీళ్లతో తడుపుతారు. గుండ్రటి అడుగున్న సర్వలో నూనె పోసి, పిండిముద్దను లోపలి గోడలకు చేత్తో అద్దుతూ పల్చగా పరుస్తారు. వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో చుక్క నూనె వేసి మూతపెట్టి సన్నటి సెగ మీద వదిలేస్తారు. కట్టె మంటను వెనక్కి లాగి నిప్పుల మీదే కాలనివ్వాలి. అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైభాగం మెత్తగా ఉండాలి. తీస్తే సర్వ ఆకారంలోనే గిన్నెలాగా ఊడొస్తుంది.

దానితో ఒక చిక్కు ఉంది. ఒకటి తీశాక వెంటనే రెండోది పెట్టలేం. సర్వ కాలిపోతుంటుంది, పిండి అద్దితే చేయి కాలుతుంది, పిండి అంటుకోదు కూడా. సర్వను బోర్లించి వెనకాల నీళ్లు పోసి చల్లార్చాలి, తుడవాలి, మళ్లీ నూనె వేయాలి. అందుకని సర్వపిండి తినేవాళ్లు ఒకటికీ ఇంకోటికీ మధ్య పొయ్యి కాడ కూర్చోక తప్పదు.

ఆ రాత్రి బాపు అలాగే కూర్చున్నాడు. మొదటిది ఇత్తడి పళ్లెంలో పడగానే చేతులు కాలుతున్నా తుంచుకుని తిన్నాడు. బాపమ్మ సర్వ మీద నీళ్లు పోసింది. అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టాడు. కువైట్‌లో దుకాణాలు మూతపడ్డ సంగతి చెప్పాడు. రెండోది వచ్చింది, తిన్నాడు. మళ్లీ నీళ్లు. లారీల్లో, బస్సుల్లో ఎడారి దాటిన సంగతి చెప్పాడు. మూడోది కాలుతుండగా, జోర్డాన్ ఎడారిలో గుడారాల్లో ఉన్నప్పుడు రొట్టె కోసం నిలబడ్డ వరుసల గురించి చెప్పాడు. బాపమ్మ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పిండి అద్దడం, బొక్కలు పెట్టడం, మూత పెట్టడం, వినడం. వంటింట్లో నూనెదీపం పెట్టి ఉంది. నేను అమ్మ ఒళ్లో పడుకుని ఆయన దవడలు కదలడం చూస్తున్నాను. చివర్లో బాపు అన్నాడు, "అమ్మా, నువ్వు పంపినయన్ని నాకు అందినయ్. ఇదొక్కటే ఎవ్వలతోని పంపరాదు గదనే."

ఆ ఏడాది సద్దుల బతుకమ్మ నాకు బాగా గుర్తు. తొమ్మిదో రోజు. మలీద చేశారు, రొట్టెలు చేసి పొడిచేసి బెల్లం, నెయ్యి కలిపి. నువ్వుల సద్ది, పల్లీల సద్ది, చింతపండు పులిహోర, పెరుగు సద్ది. గునుగు, తంగేడు పేర్చిన బతుకమ్మను నెత్తిన పెట్టుకుని అమ్మ చెరువు దగ్గరికి నడుస్తుంటే, సద్దుల గిన్నెలున్న గంపను బాపు మోశాడు. మామూలుగా ఆ గంప మోసేది తాత. బాపు పెళ్లయ్యాక ఒక్క బతుకమ్మకూ ఊళ్లో లేడు, సెలవు ఎప్పుడూ ఎండాకాలంలోనే దొరికేది. నీళ్లలో బతుకమ్మల్ని వదిలాక ఆడవాళ్లు సద్దులు పంచుతూ "ఇచ్చినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం" అనుకుంటుంటే ఆయన గట్టు మీద నిలబడి అంతా చూశాడు. మలీద ముద్ద నా చేతుల్లోంచి తీసుకుని తిన్నాడు. అప్పటికి నాకు జంకు పోయింది.

అప్పులు ఉన్నాయి కాబట్టి కొన్నేళ్లకు బాపు మళ్లీ వెళ్లాడు, ఈసారి దుబాయ్. మళ్లీ డబ్బాలు మొదలయ్యాయి. ఆయన సెలవు మీద వచ్చినప్పుడల్లా పొయ్యి మీదికి ముందు సర్వ ఎక్కేది. ఆయనకు అది చాలు. ఆయన లేనప్పుడు మేం సర్వపిండి చేసుకోకపోలేదు, వానాకాలం అంతా చేసుకునేవాళ్లం. ఉగాదికి భక్ష్యాలు చేసినప్పుడు శనగపప్పు ఉడికిన కట్టుతో అమ్మ పెట్టే చారు కూడా అలాంటిదే. ఆ చారు వేడి అన్నంలో పోసుకుని తింటూ "ఇది మీ బాపుకు పానం" అని బాపమ్మ ప్రతి ఉగాదికీ అనేది. డబ్బాలోకి ఎక్కని వంటలు తింటున్నప్పుడే ఆయన లేని సంగతి మాకు గట్టిగా తెలిసేది. సకినాలప్పుడు అంత తెలిసేది కాదు, ఎందుకంటే అవే సకినాలు ఆయన కూడా తింటాడు కదా.

బాపమ్మ పోయి చాలా ఏళ్లైంది. శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలయ్యాక మా వైపువాళ్లకు బొంబాయి ప్రయాణం తప్పింది. బాపు ఆ తర్వాత ఒకటి రెండేళ్లకే ఇంటికి వచ్చేసి పొలం చూసుకుంటున్నాడు. తమ్ముడు ఇప్పుడు దుబాయ్‌లో. నేను హైదరాబాద్‌లో.

హైదరాబాద్‌లో సకినాలు ఏడాది పొడవునా దొరుకుతాయి. స్వగృహ దుకాణాల్లో చేసే ఆడవాళ్లు ఆ పని మీదే ఇళ్లు నడుపుతున్నారు, పిల్లల్ని చదివిస్తున్నారు. వాళ్ల మీద నాకు గౌరవం. చేత్తో చుట్టినవి అయితే కొంటాను. గొట్టంలోంచి వత్తి చుట్టలుగా చేసినవి వస్తున్నాయి ఈమధ్య, వాటికి మెలిక ఉండదు, నున్నగా ఉంటాయి. కొరికితే జంతికలాగే ఉంటుంది. మెలిక ఉంటేనే నూనె చుట్టూ తిరిగి లోపలి దాకా కాలుతుంది, విరిచినప్పుడు పొరలుగా విరుగుతుంది. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

సర్వపిండి నేను ఫ్లాట్‌లో నాన్‌స్టిక్ కడాయిలో చేస్తాను. రెండు కడాయిలు పెట్టుకుంటే ఆగే పని లేదు, ఒకటి చల్లారేలోపు ఇంకోటి కాలుతుంది. బాపు వచ్చినప్పుడు మాత్రం రెండోది తీయను. ఆయన కుర్చీ వంటింటి గడప దగ్గరే వేసుకుంటాడు. మా పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి తాత దగ్గర చేరతారు. కువైట్ సంగతులు వాళ్లకు ఒకటి తర్వాత ఒకటి అలాగే తెలిశాయి. ఆ ఉత్తరం సంగతి కూడా.

సంక్రాంతికి ఊరెళ్తాం. చుట్టేవాళ్లు తగ్గారు, అమ్మ ఇప్పటికీ దోతి పరుస్తుంది, ఎదురింటి వదినె ఇప్పటికీ వస్తుంది. నేను కుడిచేత్తో, నాలుగు చుట్లు. ఎదురు మెలిక చుట్టేవాళ్లు ఇప్పుడు మా ఇంట్లో లేరు.

ప్యాకింగ్ పని మాత్రం పూర్తిగా బాపుదే. ఆయనకు సకినం చుట్టడం రాదు. అవతలి కొసన డబ్బా విప్పి చూసిన మనిషి కాబట్టి ఏది ఎలా విరుగుతుందో ఆయనకు తెలుసు. ఊళ్లో గల్ఫ్‌కో, అమెరికాకో పంపేవాళ్లంతా సంక్రాంతి వారంలో డబ్బాలు, అట్టపెట్టెలు పట్టుకుని మా వాకిట్లోకి వస్తారు. బాపమ్మ పేర్చినట్టు పడుకోబెట్టి పేర్చడు. బరువంతా అడుగునున్నవాటి మీద పడి ముందు అవే పొడి అవుతాయంటాడు. ప్రతి సకినాన్నీ అంచు మీద నిలబెట్టి, ఒకదానికొకటి ఆనేట్టు వరుసగా పెడతాడు. వరుసకూ వరుసకూ మధ్య పేపరు. గరిజెలు పైన కాదు, పక్కన. కిందటి సంక్రాంతికి తమ్ముడి డబ్బా కడుతుంటే నేను ఖాళీలు నింపడానికి ఇంకా పేపరు ఉండలు చేస్తున్నాను. బాపు నా చేతిలోంచి పేపరు తీసేసి మురమురాల సంచి ముందుకు జరిపాడు. "పేపరెందుకు బిడ్డా, మురమురాలు పొయ్యి. సందులన్ని నిండుతయ్, సకినం కదలది. ఆడికి పోయినంక వాడు అయి సుత తింటడు, చాయల ఏసుకొని."